తిరగేసిన డెల్టా

అంబాజీపేటలో ఎరువుల కొట్టు మేడ మీద
నా ఫిజియోథెరపీ గది.
మెట్లెక్కి వచ్చే ప్రతి భుజానికీ
కింది నుంచి కాస్త యూరియా వాసన అంటుకొస్తుంది.

నేలపూడి పళ్ళాలయ్య చొక్కా విప్పడానికి
నాలుగు నిమిషాలు పట్టింది.
ఎడమ చేత్తో కుడి చేతిని
నిద్రపోయిన పిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి
బల్ల మీద పెట్టాడు.
"ఇదండీ మేడంగారూ, ఇది నా మాట ఇంటంలేదండి."

ముప్పై ఒక్క ఏళ్ళుగా కొబ్బరి ఒలుపు.
నేలలో నిలబెట్టిన గునపం,
రెండు చేతుల మధ్య కాయ.
గుచ్చు, తిప్పు, చీల్చు.
రోజుకి పదకొండు వందలు, మంచి రోజుల్లో.

బాల్‌పెన్ తీశాను.
మాటలతో చెబితే మెట్లు దిగేలోపు మరిచిపోతారు,
ఒంటి మీద గీస్తే ఇంటిదాకా తీసుకెళతారు.

ముందు రొమ్ము కండ. పెక్టొరాలిస్ మేజర్.
మెడకింది ఎముక నుంచి, రొమ్ము ఎముక నుంచి,
పక్కటెముకల నుంచి బయల్దేరి
తాటాకు విసనకర్రలా దగ్గరకొచ్చి
దండచేతి ఎముకని పట్టుకుంటుంది.
పిడి ఇదిగో, అని చంక ముందు మడత మీద గీశాను.
"అదేనాండీ! కాయ దిగేది దాంతోనే.
సేతులు ఊరికే దారి సూపిత్తాయి, గుచ్చేది రొమ్మే.
పేరు నాకు తెల్దు గానీ దాని రేటు తెలుసు.
వందకి తొంబయ్యి."

దాని అడుగున చిన్నది, పెక్టొరాలిస్ మైనర్.
మూడు పక్కటెముకల మీంచి లేచి
రెక్క ఎముక కొన మీద వాలుతుంది.
ఆ కొన పేరుకి కాకిముక్కని అర్థం.
"కాకా!" అని నవ్వబోయాడు,
భుజం కలుక్కుమంటే నవ్వు మధ్యలో ఆపేశాడు.

పక్కకి తిప్పితే రంపం పళ్ళ కండ
మెట్లు మెట్లుగా కనిపించింది,
కాలేజీలో మా రంగుల పటంలో కన్నా స్పష్టంగా.
ఆ సంగతి అతనితో అనలేదు.
పొగడ్తలా ఉంటుంది.

ఇక భుజం. డెల్టాయిడ్.
"డెల్టానా? మన డెల్టానే?"
అదే. మూడు పాయలు: ముందుది, నడిమిది, వెనకది.
కాకపోతే తిరగేసింది.
మన గోదారి ధవళేశ్వరం దాటాక విడిపోయి
తలో దారీ పట్టి సముద్రంలో పడుతుంది,
ఇది మూడు దారుల్లో బయల్దేరి
చేతిలో ఒక్కచోట ఆగుతుంది.

తన భుజాన్ని తనే కొత్తగా చూసుకున్నాడు.
గౌతమి, వసిష్ఠ, వైనతేయ,
ఎడమ చూపుడువేలు ఒక్కో పాయలోనూ నడిచింది.
"మాది ఈ ఒడ్డండి.
అయితే నొప్పి ఆనకట్ట కాడా, సముద్రం కాడా?"

రెండూ కాదు. ఏటి అడుగున.
రోడ్డు కింద తూములోంచి పిల్లకాలవ దూరినట్టు
భుజం కప్పు కింద నుంచి ఒక సన్నటి కండ దూరుతుంది.
సుప్రాస్పైనేటస్.
చెయ్యి పక్కకి లేవాలంటే మొదటి పూనిక దానిదే.
తూము ఇరుకు. ఏళ్ళ తరబడి ఒరుసుకుని ఒరుసుకుని
కొస పీచు పీచయ్యింది.

పీచన్న మాట జారాక నాలుక కరుచుకున్నాను.
అతనే అందుకున్నాడు:
"నేను దాన్ని ఒలుత్తా ఉంటే
అది నన్ను ఒలిసేసిందన్నమాట."

గోడ మీద వేళ్ళని పాకించడం నేర్పాను.
రెండు వారాలు గునపం ముట్టొద్దన్నాను.
రెండు వారాలు అనే మాటని
కాసేపు నోట్లో తిప్పుకుని, ఏమీ అనకుండా
గీతలు చెరక్కుండా చొక్కా తొడుక్కున్నాడు.

తొమ్మిదో రోజు మెట్ల మీద ఎక్కువ చెప్పుల చప్పుడు.
గీతలు వెలిసిపోయాయి గానీ, ఉన్నాయి.
చెయ్యందక కడుక్కోలేదేమో అనుకున్నాను.
"మా ఆడది రుద్దుతానందండి. నేనే వద్దన్నాను.
రాశుల కాడ అందరూ సూత్తన్నారు."
గునపం పట్టావా?
"ఎడం సేత్తోనేనండి."

అతని వెనక ముగ్గురు:
కాసులు, దైవప్రసాదు, ఇంకా మీసం తిరగని చంటి.
చొక్కాలు విప్పి వరసగా నిలబడ్డారు.
కాయల లెక్కకి వాడే సుద్దముక్కతో
ఎవరి భుజం మీద వాళ్ళు
నొప్పున్న చోట సున్నా చుట్టుకొచ్చారు.

మూడు సున్నాలూ ఒకే తూము మీద.

చంటిది మిగతావాటికన్నా చిన్న సున్నా.
ఎన్నేళ్ళు నీకు?
"పంతొమ్మిదండి."
పెన్ను మూత తీసి ఊరికే నిలబడ్డాను.
వాడు రొమ్ము కాస్త ముందుకు పెట్టి అడిగాడు:
"నాక్కూడా ఆ కాకిని గీత్తారాండీ?"